ఎనిమిది పూతల బండి

విమలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ముందుగది గుమ్మంలో కూర్చుంది. ఆ గదిలో మనిషి కూర్చోవడానికి గుమ్మం తప్ప మరో చోటు లేదు. మిగతాదంతా మోటారుసైకిలుదే.

అది యుద్ధంనాటి ఇంగ్లీషు బండి. సోల్జర్లు వదిలి వెళ్తే వేలంలో ఎవరో పాడుకున్నారు, వాళ్ళ దగ్గర విమలమ్మ మొగుడు విజయరత్నం కొన్నాడు. ఆయన పోర్టులో క్రేను నడుపుతాడు. మల్కాపురంలో ఉప్పుగాలి ఇనుమును అప్పడంలా కొరుక్కు తింటుందని ఆయనకి దిగులు. అందుకని ఏటా క్రిస్మస్ ముందు తలుపులకీ కిటికీలకీ రంగు వేసినప్పుడు, మిగిలిన రంగు బండికి వేసేవాడు. అదీ పైపైన కాదు. ప్రతి నట్టూ విప్పి, దాని కింద కూడా పూసి, మళ్ళీ బిగించేవాడు. అలా మొదటి పూత పడిన ఏడే లైటు పోయింది. డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది కనక ఆయన బస్సుకి మారాడు, బండి ముందుగదికి మారింది. ఇది ఎనిమిదో ఏడు.

విమలమ్మ కుట్టుమిషను మాత్రం వంటింట్లో పొయ్యి పక్కన ఉంది. సోమవారం నుంచి అయిదుగురు ఆడపిల్లలు కుట్టు నేర్చుకోవడానికి వస్తామన్నారు. వంటింట్లో అయిదుగురు నిలబడితే ఆరో మనిషి ఊపిరి తీసుకోలేదు. చివరికి దేవుడు దయతలచి ఒక బేరాన్ని పంపాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఆఫీసరు గురునాథరావు గారికి పాత బండ్లంటే సరదా. ఇవాళ ఆదివారం, నాలుగింటికి వస్తానని కబురు పెట్టారు.

"లైటు ఎలిగితే సాలు, ఇంకేటీ అడగనన్నాడు కదండీ ఆయన?" అంది విమలమ్మ.

"ఎలగక ఏటవుద్ది? కొత్త బల్బు తెచ్చాను" అన్నాడు విజయరత్నం, హెడ్‌లైటు విప్పుతూ. బ్యాటరీకి నిన్ననే చార్జింగు పెట్టించాడు.

కొత్త బల్బు పెట్టాడు. వెలగలేదు. అప్పుడే చర్చి నుంచి తెల్లచొక్కాతో విమలమ్మ తమ్ముడు ఫ్రాన్సిస్ వచ్చాడు. ఓడల్లో ఎలక్ట్రీషియన్ అతను.

"ఏటి బావా, అవస్థ పడతన్నావ్?"

"కొత్త బల్బురా. అయినా ఎలగట్లేదు."

"కొత్తదని నీకెవడు సెప్పాడు, షాపోడా? ఇలాగియ్యి."

ఫ్రాన్సిస్ ఆ బల్బుకి రెండు వైర్లు తగిలించి గోడమీది ప్లగ్గులో పెట్టాడు. అది ఆరు వోల్టుల బల్బు. ఇంటి కరెంటు తగలగానే సూర్యుడిలా వెలిగి, టపాసులా పేలింది. దానితో పాటు ఫ్యూజు పోయింది. ఆ వరసలో ఇళ్ళన్నింటికీ ఒకటే ఫ్యూజు కావడంతో అయిదిళ్ళ ఫ్యాన్లు ఆగాయి.

"సూశావా, బల్బు మంచిదే" అన్నాడు ఫ్రాన్సిస్.

"మంచిదే. ఇందాకటి దాకా" అంది విమలమ్మ, రాయి ఏరి పక్కన పెడుతూ.

పక్కింటి జగ్గారావు లుంగీ ఎగ్గట్టుకుని దూసుకొచ్చాడు. "ఎవుడ్రా కరెంటు తీసింది? అక్కడ రేడియోలో కామెంటరీ ఒత్తంది!" అని అరవబోయి, విప్పి ఉన్న హెడ్‌లైటు చూశాడు. మల్కాపురంలో విప్పిన యంత్రాన్ని చూసి నిలబడగలిగిన మగవాడు లేడు. గొంతుక్కూర్చుని, "ఏటి పోయింది?" అన్నాడు నెమ్మదిగా.

అప్పటికి ఫ్రాన్సిస్ బండి కిందకి దూరాడు. "దొరికింది బావా! లైటుకి ఒక్క వైరే ఉంది. ఓడలో ప్రతి దీపానికీ ఎల్లే వైరొకటి, వొచ్చే వైరొకటి ఉంటాది. వొచ్చే వైరు ఎవడో కొట్టేశాడు!"

విజయరత్నం మెల్లగా జగ్గారావు వైపు తిరిగాడు. "మూడేళ్ళ కిందట మేము భీమిలి ఎల్లినప్పుడు ఇంటి తాళాలు నీకే ఇచ్చాం కదా జగ్గా?"

"ఏటీ! నీ తుప్పు వైరు నాకెందుకు? సెవిలో పెట్టుకుంటానా?"

"తుప్పంటావేటి? మా బండికి తుప్పు లేదు!"

"నిజం తేలాల! ఖాదర్‌ని తెత్తాను" అని జగ్గారావు అదే ఊపులో వెళ్ళిపోయాడు. ఖాదర్ లారీలకి వైరింగు చేస్తాడు. అతను వచ్చేలోపు ఫ్రాన్సిస్ రెండో వైరు కోసం ఇల్లంతా వెతికి, విమలమ్మ ఇస్త్రీపెట్టె వైరు కోసేశాడు.

"ఒరే, అది నా ఇస్త్రీపెట్టెరా!"

"అక్కా, లైటు ముఖ్యమా, ఇస్త్రీ ముఖ్యమా?"

ఖాదర్ తన పెట్టెలోంచి మరో ఆరు వోల్టుల బల్బు తీసి బిగించి, స్విచ్చి వేసే ఉంచాడు. ఫ్రాన్సిస్ చేతిలో వైరు చూసి నవ్వాడు. "దొంగతనం లేదు, ఏటీ లేదు రత్నం బావా. లారీకైనా దీనికైనా ఒక్క వైరే. ఇనుమే రెండో వైరు."

"ఇన్నావా?" అని జగ్గారావు ఛాతీ విరిచాడు.

"కానీ ఇదేటి?" ఖాదర్ బ్యాటరీ దగ్గర ఆగిపోయాడు. "ప్లస్సుని ఇనుముకి కట్టారు! మేము కట్టేది మైనస్సు కదా. ఎవుడు తిప్పాడు?"

అందరూ ఫ్రాన్సిస్ వైపు చూశారు. "నాను ముట్టుకోలేదు!" అన్నాడు ఫ్రాన్సిస్. నిజమే. ఆ బండి పుట్టుకే అలాంటిది. ఆ సంగతి చెప్పడానికి దాన్ని తయారుచేసిన ఇంగ్లీషువాళ్ళెవరూ మల్కాపురంలో లేరు.

ఖాదర్ బ్యాటరీ తిప్పి పెట్టాడు. వెలగలేదు. తిప్పినందుకే వెలగలేదని ఫ్రాన్సిస్ మళ్ళీ తిప్పాడు. ఖాదర్ మళ్ళీ తిప్పాడు. మధ్యాహ్నం రెండు దాటింది. ఇస్త్రీపెట్టె వైరును హెడ్‌లైటు డొప్పకి తగిలించి, ఫ్రాన్సిస్ రెండో కొసను బ్యాటరీ వైపు లాగాడు. ఖాదర్ ఆ వైరును ఇటు లాగాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తిట్టుకుంటుంటే, వైరు కొస బ్యాటరీకి తగిలింది.

లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది.

చూసింది విమలమ్మ ఒక్కతే. "ఎలిగింది" అంది.

"అక్కా, నువ్వు టీ పెట్టక్కా" అన్నాడు ఫ్రాన్సిస్. కటింగు ప్లేయరుతో ఖాదర్ ఆ వైరును రెండు ముక్కలు చేశాడు.

విమలమ్మ చేట పక్కన పెట్టింది. ఆ వైరు చేసినదల్లా ఒకటే, బ్యాటరీని తిన్నగా లైటుకి కలిపింది. అంటే ఖాదర్ చెప్పిన ఇనుపదారి ఎక్కడో మూసుకుపోయిందన్నమాట. బ్యాటరీ నుంచి దిగిన వైరు ఎక్కడికి పోతోందో వంగి చూసింది. అది బండి చట్రానికి ఒక నట్టుతో బిగించి ఉంది. ఆ నట్టు చుట్టూ రంగు జీళ్ళపాకంలా గడ్డకట్టి ఉంది.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. టీ తేలేదు, అట్లకాడ తెచ్చింది.

"ఖాదరూ, ఈ నట్టు విప్పు."

"ఎందుకక్కా?"

"విప్పు, సెప్తాను."

ఖాదర్ నవ్వుతూనే విప్పాడు. విమలమ్మ దాని కింద అట్లకాడతో గీకడం మొదలుపెట్టింది. ముందు బూడిదరంగు లేచింది. దాని కింద పచ్చ. దాని కింద పసుపు.

"అది క్రేనుకేసిన పసుపు. డెబ్బై తొమ్మిది క్రిస్మస్" అన్నాడు విజయరత్నం అభిమానంగా.

ఎనిమిది క్రిస్మసులు దాటాక తళతళమని ఇనుము కనబడింది. "ఇప్పుడు బిగించు" అంది. ఖాదర్ బిగించాడు. ముందు లైటు, వెనక లైటు ఒక్కసారే వెలిగాయి.



"నాను ముందే అనుకున్నాను" అన్నాడు ఫ్రాన్సిస్.

విమలమ్మ గడియారం చూసింది. నాలుగుకి పది నిమిషాలు తక్కువ. గది మూలలు కొలుచుకుంది. మిషను కిటికీ పక్కన పెడితే వెలుతురు బాగుంటుంది.

విజయరత్నం మాత్రం లైటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వెలుగును అరచేత పట్టి చూసుకుంటున్నాడు. "విమలా, బాగైపోయింది కదే. ఇంకెందుకమ్మడం?"

"ఏటీ?"

"లైటు లేదనే కదా అమ్మేద్దామనుకున్నాం. ఇప్పుడుందిగా! రేపటి నుంచి డ్యూటీకి దీని మీదే ఎల్తాను. ఒరే ఫ్రాన్సిస్, ఎక్కు. సింధియా సెంటరు దాకా ఒక్క రౌండేద్దాం."

నలుగురూ కలిసి బండిని గడప దింపారు. పదిహేను తన్నులకి అది దగ్గి, తుమ్మి, మేల్కొంది. పట్టపగలు లైటు వేసుకుని విజయరత్నం, వెనక ఫ్రాన్సిస్, వాళ్ళ వెనక పరుగెత్తుతూ ఖాదర్, జగ్గారావు వీధి మలుపు తిరిగారు. విమలమ్మ అట్లకాడ చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడింది. తరవాత వెనక్కి తిరిగి గదిని చూసింది. ఎనిమిదేళ్ళలో ఆ గదికి నేల ఉందని మొదటిసారి కనబడింది.

చీపురు తీసుకుంది.

సరిగ్గా నాలుగింటికి గురునాథరావు గారు ఇస్త్రీ మడత నలగకుండా స్కూటరు దిగారు. "బండేదమ్మా?"

"ఎల్లిపోయిందండి."

"లైటు వెలగలేదా?"

"ఎలిగిందండి. అందుకే ఎల్లిపోయింది."

ఆయనకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఈలోగా విమలమ్మ వంటింట్లోంచి, "బాబూ, ఒక్కసారి ఇలా వొచ్చి ఆ కొస పట్టండి, బరువుగా ఉంది" అని పిలిచింది. పిలుపు ఎంత మామూలుగా ఉందంటే ఆయన చెప్పులు విప్పి వెళ్ళి పట్టుకున్నారు. ఇద్దరూ మిషను మోసుకొచ్చి కిటికీ పక్కన పెట్టారు. బల్ల తెచ్చారు. చాప పరిచారు. గది నిండిపోయింది.

"మరి బండి తిరిగొస్తే ఎక్కడ పెడతారు?" అన్నారాయన, ఆయాసపడుతూ.

"బైట. ఎనిమిది పూతలున్నాయి, ఉప్పుగాలి దాన్నేటి సేత్తాదండీ?"

గురునాథరావు గారు చేతులకంటిన మిషను నూనె చూసుకున్నారు. చెప్పులు వేసుకుని గడప దాటి వెళ్ళిపోయారు.

ఉక్కు ఫ్యాక్టరీలో ఆయన చేతికింద నలభై మంది పనిచేస్తారని విమలమ్మకి తరవాతెప్పుడో తెలిసింది.