ఎకరా జ్వరం

వల్లూరు దగ్గర సోలార్ పార్కులో కాపలా ఉద్యోగంలో చేరిన తొలి నెలలోనే నారప్పగారికి జ్వరం రావలసిన అవసరం ఏర్పడింది.

కారణం వాన. ముందురోజు సాయంత్రం దంచి కొట్టి, తెల్లారేసరికి తెరిపిచ్చింది. నారప్ప పొలం దాదాపు అంతా కంపెనీకి కౌలుకు పోయి సోలార్ పలకల కింద ఉంది. ఆ పలకల గేటు దగ్గరే ఆయన ఉద్యోగం. అంటే తన భూమిలోకి తను రాకుండా తనే చూసుకోవాలి. ఎంతో నమ్మకస్తుడికి గాని అప్పగించని బాధ్యత. వంక పక్కన మిగిలిన ఎకరాలో శనక్కాయ విత్తాలి. పదును ఆరిపోతే ఈ ఏటికి పంట లేనట్టే. కంపెనీ నిబంధనల్లో జ్వరానికి సెలవు ఉంది, వానకు లేదు.

ఇన్నాళ్ళూ నారప్ప జ్వరం వస్తే పడుకునేవాడు, తగ్గితే లేచేవాడు. ఎవరి అనుమతీ అడిగి ఎరగడు. యాభై దాటాక, జబ్బు పడడానికి కూడా పైవాళ్ళ ఆమోదం కావాలని తెలిశాక, ఉద్యోగమనేది ఎంత గౌరవప్రదమైనదో ఆయనకు బోధపడింది.

భార్య హనుమక్క శిక్షణ ఇచ్చింది. నారప్ప దగ్గి చూపించాడు.

"అది దగ్గా? గొర్రెల్ని అదిలిచ్చినట్లుండాది. పానం పోయేటోని మాదిరి దగ్గాల."

సూపర్‌వైజర్ అమరనాథ్ దగ్గర్లోని అరసికెరె ఊరి పిల్లవాడు. నారప్ప కొడుకు ఈడువాడే అయినా పదవి రీత్యా సార్.

"జరం సార్. లేసేకి కాలేదు," అన్నాడు నారప్ప ఫోన్లో, దగ్గుతూ.

"అయ్యో! ఎంతుండాది నారప్పన్నా?"

శిక్షణలో లేని ప్రశ్న. నారప్ప కళ్ళలో వంక పక్క నేల తప్ప మరేమీ లేదు.

"ఎకరా ఉండాది సార్."

హనుమక్క నెత్తి కొట్టుకుంది.

"ఎకరానే అయితే సాయంత్రానికి తగ్గిపోతాదిలే," అన్నాడు అమరనాథ్, అతనూ రైతు బిడ్డే కాబట్టి. "విత్తేకి గొర్రు దొరికిందా?"

"దొరికింది సార్."

"సరే. రేపు పొద్దున్నే రావాల."

ఆ విధంగా జ్వరం మంజూరైంది. కంపెనీ లెక్కలో మంచాన పడి ఉన్న నారప్ప, మధ్యాహ్నం మళ్ళీ పట్టుకున్న జల్లులో నిలువునా తడుస్తూ, ఎకరా అంతా విత్తి ఇంటికొచ్చాడు.

మరునాడు నిజం జ్వరం వచ్చింది. దీనికి శిక్షణ అక్కర్లేకపోయింది. చేతిలో ఫోన్ దానంతటదే వణికింది.

"జరం సార్. నిజం జరం."

"అంటే నిన్నటిది అబద్ధమా?"

అవునంటే నిన్నటి సెలవు పోతుంది, కాదంటే ఇవాళ్టిది రాదు. నారప్ప దగ్గాడు. అది అసలైన దగ్గు గనుక ఏమీ బాగాలేదు.

"నిన్న నేను అర్థం చేసుకుంటి కదన్నా. దినమూ అర్థం చేసుకుంటా పోతే నా ఉద్యోగం ఉండదు. ఈ పొద్దు బెంగళూరు నుంచి పెద్దసార్లు వస్తాండారు. వచ్చేయ్."

మిట్ట మధ్యాహ్నపు ఎండలో, యూనిఫాం మీద కంబళి కప్పుకుని, పళ్ళు టకటకలాడుతూ గేటు దగ్గర నిలబడ్డ నారప్పను చూసి పెద్దసారు కారు ఆపించారు. ఏమిటిది అన్నారు.

"జరం సార్. అయినా డ్యూటీకి వచ్చినాడు," అన్నాడు అమరనాథ్ చటుక్కున.

పెద్దసారు పులకించిపోయి, అక్కడికక్కడే కన్నడంలో ఉపన్యసించారు. ఒళ్ళు కాలిపోతున్నా కర్తవ్యం మరవని ఇటువంటి మహనీయుల వల్లే దేశంలో దీపాలు వెలుగుతున్నాయనీ, పలకలు కొనగలం గాని ఇటువంటి మనిషిని కొనలేమనీ సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. కంబళితో సహా ఫోటో తీశారు. తర్వాత ఏసీ కారు కదిలింది. అమరనాథ్ నారప్ప ముఖం చూడకుండా దాని వెనకే బైకు మీద పోయాడు.

ఇంటికి పోతానని అడగడానికి నారప్ప మాట సిద్ధం చేసుకునే ఉన్నాడు. కానీ అంతమంది చప్పట్లు కొట్టాక అడగడం మర్యాద కాదనిపించింది. పైగా, ఎందుకో, కాస్త నిటారుగా కూడా నిలబడ్డాడు.

సాయంత్రానికి ఆ ఫోటో తాలూకా అంతటి ఫోన్లకూ చేరింది. దండాలు, పూలు, చప్పట్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. మనం పంపింది కూడా వాటిలో ఎక్కడో ఉండే ఉంటుంది.

హనుమక్క మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది.

"ఇంత కాల్తాంటే ఇంటికి పొమ్మనలేదా?"

"చప్పట్లు కొట్టినారు," అన్నాడు నారప్ప. పళ్ళు కొట్టుకుంటున్నా, ఆ మాట మాత్రం తడబడకుండా చెప్పాడు.