రెండో తీగ కోసం నిలబడ్డ తూకం హాలు

ఇలా దగ్గరికి జరగండి బిడ్డలూ, ఒక చెవి ఇటు పడెయ్యండి. స్విచ్ వేసినా లేవని కంప్యూటరంత మేలు చేసేది ఈ లోకంలో ఇంకోటి లేదు! నవ్వకండి.

మా ట్యునీషియా గాబెస్ రేవులో చేపలు తూచి వేలం వేసే తూకం హాలు ఉంది కదా, అక్కడి లినక్స్ కంప్యూటరుకి సొంత డిస్కు లేదు. పూర్తిగా కళ్ళు తెరవకముందే నెట్‌వర్క్ తీగకి అడ్రసు సంపాదించుకోవాలి, పక్క ఆఫీసులోని పెద్ద మిషను నుంచి తన బుర్ర తెప్పించుకోవాలి. అప్పుడుగానీ తూకం చీటీ ఇవ్వదు. చీటీ లేకపోతే వేలం లేదు.

ఈమధ్య హాలు పెద్ద సీ మున్జీ గారు, పైవాళ్ళు పెట్టమన్న కెమెరా కోసమని దానికి రెండో నెట్‌వర్క్ కార్డు, ఇంకో తీగ పెట్టించారు. "రెండు తీగలకీ అడ్రసు వచ్చేదాకా కదలకూడదు" అని కంప్యూటరు లేస్తూనే చదివే ఆజ్ఞల లైన్లోనే రాయించారు. ఏం క్రమశిక్షణ!

మొన్న పొద్దున ఆరింటి నుంచి తెరమీద "ఎదురుచూస్తున్నా" అని ఒకటే పాట. ఎన్ని లాభాలనుకున్నారు! ఏడేళ్ళుగా మొహాలు చూసుకోని వియ్యంకులిద్దరు వరసలో నిలబడి నిలబడి రాజీపడ్డారు. సార్డీన్ల బుట్టల దగ్గర పిల్లులకి పెళ్ళి విందు. ఒకాయనకి గీసుకొచ్చిన గెడ్డం మళ్ళీ మొలిచింది!

ఆల్చిప్పలు ఏరి అమ్ముకునే మా జాజియాకే ఈ లాభాలు బుర్రకెక్కలేదు. సముద్రం వెనక్కి తగ్గగానే నడుం వంచి బురద తవ్వి ఆల్చిప్పలు తెచ్చింది. ఇటలీకి సరుకు పట్టుకెళ్ళే లారీ తొమ్మిదిన్నరకి వెళ్ళిపోతుంది, బతికున్నవే కొంటుంది; నోరు తెరిచిన చిప్ప చచ్చినట్టే లెక్క.

"ఇబ్తిసామ్, నా ఆల్చిప్పలు నోళ్ళు తెరుస్తున్నాయే! ఇంకాసేపుంటే అవే వేలం పాడతాయి!"

కంప్యూటర్లు చూసే ఇబ్తిసామ్ తలెత్తింది. "రెండో తీగ ఎవరో పీకేశారు పెద్దమ్మా. కొస సీ మున్జీ గారి గదిలో ఉంది, గదికి తాళం. ఆ లైన్లో ఒక్క మాట చెరిపినా చాలు, నిమిషంలో లేస్తుంది."

"చెరుపు మరి! చేతి గోరింటాకు పోతుందనా?"

"ఆయన సంతకం లేకుండా ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది."

"ఆయనేడీ?"

"వస్తారు."

వచ్చారు, పదింటికి. తాళం తీస్తే ఆయన బల్ల కింద తీగ, శుభ్రంగా చుట్ట చుట్టి! ఆ కెమెరా ఆయన తలుపు వైపే చూస్తుంది మరి. దొరగారు ఏ వేళకి దయచేస్తున్నారో ట్యూనిస్‌లోని పైవాళ్ళకి చూపిస్తుంది.

అప్పటికే లారీ వెళ్ళిపోయింది. జాజియా బుట్టెడు ఆల్చిప్పల్నీ తీసుకెళ్ళి సముద్రంలో గుమ్మరించింది.

రిపోర్టులో ఏమని రాశారంటారా? "మిషను జాప్యం" అని. ఆ కాగితం బీరువాలో భద్రంగా ఉంది, అడిగినవాళ్ళకి అదే చూపిస్తారు. అందుకని మీరు గుర్తుంచుకోండి. ఎవరైనా మీ ముందు ఆ కంప్యూటరుని తిడితే, తీగ ఎవరి బల్ల కింద దొరికిందో చెప్పండి. జాజియా బుట్ట సంగతి కూడా చెప్పండి.