మహాలక్ష్మి చేసిన బంద్

ఆ మంగళవారం పొద్దున తన కుట్టు దుకాణం తెరవకుండా, వెనక సందులోంచి వెళ్లి, ఎవరి కంటా పడకుండా బీజాపూర్ బస్సెక్కాలన్నది మహాలక్ష్మి పథకం. నలభై దాటాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తోందని తెలిస్తే భోపాల్‌పట్నం బజారంతా నవ్వుతుందని ఆమె భయం. లెక్కల పరీక్ష ఒక్కటే మిగిలింది. అది పాసైతే గీదంలో కుట్టు నేర్పే టీచర్ల శిక్షణలో సీటొస్తుంది. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

మొగుడు శ్రీరంగం నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే గట్టిగా చెప్పి బయల్దేరింది. "ఎవరేమడిగినా నాకేం తెల్వదను. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు."

పాపం, ఆయన జన్మలో మొదటిసారి మాట నిలబెట్టుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బస్టాండు మూలన ఆమె కుట్టుమిషన్ చప్పుడు మొదలయ్యాకే బజారులో షటర్లు లేవడం అలవాటు. ఆ రోజు చప్పుడు లేదు. ఎదురు కిరాణా కొట్టు చక్రధరరావు వచ్చి అడిగాడు. "ఏంది శ్రీరంగం, దుకాణం తెరవలే?"

"నాకేం తెల్వదన్నా. నన్నేమడగకు," అంటూ శ్రీరంగం చెమట తుడుచుకున్నాడు.

ఈ బజారులో బంద్ వచ్చేది ఇలాగే, ఎవరో ఒకరు భయంతో ముందు కొట్టు మూస్తారు. ఎందుకని ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ చెప్పరు. చక్రధరరావు సగం లేపిన షటర్ దించేశాడు. అది చూసి మిఠాయి దుకాణంవాడు పొయ్యి ఆర్పాడు. కూరగాయలమ్మే నందే అనే ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. ఒక్కరోజు బంద్ అన్న మాట బజారు చివరికి చేరేసరికి మూడు రోజుల బంద్ అయింది.

బస్టాండులో ఇంకా కదలని బస్సులో కొంగు ముఖానికి కప్పుకుని సూత్రాలు వల్లెవేసుకుంటున్న మహాలక్ష్మికి ఇంజన్ ఆగడం తెలిసింది.

"ఏందయ్యా, ఆపినవ్?"

"బంద్ అంట. బండి పోదు," అన్నాడు డ్రైవర్ కాశయ్య.

ఏడాది చదువు బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. "ఇయ్యాలే దొరికిందా? ఎవరు పెట్టిండ్రో గానీ, వాళ్ల నోట్లె మన్ను పడ."

"ఎవరో తెల్వదు. ముందుగాల మూసింది మాత్రం ఆ కుట్టుమిషనామె అంట."

మన్ను తన నోట్లోనే పడిందని మహాలక్ష్మికి అర్థమైంది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పరీక్ష పోతుంది. చిరిగిన పరువును తర్వాతైనా కుట్టుకోవచ్చనుకుని, కొంగు తీసి బస్సు మెట్టు మీద నిలబడింది.

"బంద్ లేదు, ఏం లేదు. నాకు దసవీ లెక్కల పరీక్ష ఉంది, అందుకే మూసిన. నవ్వేటోళ్లు నేను పోయినంక నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. మూసిన కొట్టు ముందు నిలబడ్డ చక్రధరరావు బస్సు దగ్గరికొచ్చాడు. "నేను దసవీల లెక్కలల్లనే తప్పిన," అన్నాడు మెల్లగా. ఆ వెంటనే కాశయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఇంకా చూస్తవేంది, బండి తియ్యి."

షటర్లు గడగడా లేచాయి. దారిలో ఎవరు చెయ్యెత్తినా కాశయ్య బస్సు ఆపలేదు. పరీక్ష కేంద్రం గేటు మూయబోతుంటే హారన్ మోగించి మోగించి తెరిపించాడు. బస్సులోని జనమంతా దిగి ఆమెను లోపలికి తోసినంత పని చేశారు.

మహాలక్ష్మి పాసైంది. ఫలితాలొచ్చిన రోజు ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు. శ్రీరంగమైతే కనిపించిన ప్రతివాడికీ ఆ సంగతి రెండేసిసార్లు చెప్పాడు.

మరుసటి ఏడాది లెక్కల పరీక్ష రోజున బజారులో చాలా షటర్లు లేవనే లేదు. చక్రధరరావు, మిఠాయి దుకాణంవాడు, కూరగాయల నందే, ముగ్గురూ బస్సులో ముందు సీట్లు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లను సాగనంపడానికి గీదం నుంచి మహాలక్ష్మి టీచరమ్మ పనిగట్టుకుని వచ్చింది. ఈసారి బస్సు మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు, కాశయ్యకూ అదే పరీక్ష.