తాళం వేసిన బరిటో

ఆ ఉదయం వెండెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వాషింగ్టన్ నుంచి తనిఖీకి వస్తున్న టాలివర్ మేడమ్ ముందు పెట్టెలోంచి తుపాకీ తీసి చూపించాలి, ఆ తర్వాత బరిటో, అంటే కూర చుట్టిన రొట్టె, తినాలి. న్యూ మెక్సికో ఎడారిలోని శిబిరంలో హైజాకర్లను ఎదుర్కోడానికి పైలట్లకు తుపాకీ పట్టడం నేర్పుతాడాయన. మేడమ్ సరేనంటే నిధులు వస్తాయి, లేదంటే శిబిరం మూతపడుతుంది.

"పచ్చిమిరప దట్టించాను. ఇవాళైనా నువ్వే తిను. ఆ రస్టీగాడి కంటపడనీకు," అంది భార్య లోర్నా.

శిక్షణలో హైజాకర్ వేషం వేసే రస్టీ, ఫ్రిజ్ దగ్గర మాత్రం వేషం లేకుండానే దొంగ. అందుకని వెండెల్ శిబిరానికి వెళ్లగానే బరిటోని ఖాళీగా ఉన్న తుపాకీ పెట్టెలో పెట్టి, తాళం వేసి, పెట్టెని ఫ్రిజ్‌లో దాచాననుకున్నాడు. రెండు పెట్టెలూ ఒకేలా ఉంటాయి, తాళంచెవీ ఒకటే. తన తెలివికి తనే మురిసిపోతూ రెండో పెట్టె పట్టుకుని నమూనా కాక్‌పిట్‌లో కూర్చున్నాడు. తలుపు పక్కన నిలబడి మేడమ్ చూస్తోంది.

"పెట్టె?" అన్నాడు పక్క సీట్లోని కో-పైలట్.

"ఉంది."

"తాళం?"

"వేసి ఉంది."

లోపల ఏముందని అడగడం పైలట్ల ఆనవాయితీలో లేదు.

తలుపు తోసుకుని రస్టీ దూసుకొచ్చాడు. ఏళ్ల తరబడి అలవాటైన వెండెల్ చేతులు పెట్టె తెరిచి, చేతికందింది తీసి, గురిపెట్టేశాయి.

"కదలకు!"

రస్టీ కదల్లేదు. ముక్కు మాత్రం ఎగబీల్చాడు. "కెప్టెన్, అది లోర్నా చేసిందేనా?"

వెండెల్ చేతిలోని బరిటోని కంగారుగా నొక్కేసరికి మిరపకాయ గుజ్జు ఎగిరి మేడమ్ తెల్లకోటు మీద పడింది.

"మరి తుపాకీ ఏదయ్యా?" అందావిడ.

పెట్టెలు తారుమారయ్యాయని అప్పుడు తట్టి వెండెల్ ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ పెట్టె లేదు! సైరన్ మోగింది, గేటు మూశారు.

"నాకు విమానం టైమవుతోంది!" అంది మేడమ్.

"అది ఉత్త ప్లాస్టిక్ తుపాకీయే మేడమ్. కానీ అది దొరికేదాకా ఎవర్నీ వదలం," అన్నాడు కాపలావాడు.

వెతుకులాట సాగుతూనే ఉంది. విమానం వెళ్లిపోయింది. ఆకలికి తాళలేక మేడమ్ బరిటోలో సగం తీసుకుంది. శిబిరం పని అయిపోయిందనుకుని వెండెల్ మిగతా సగం దిగులుగా నమిలాడు. అది చూసి రస్టీ మనసు కరిగింది. తన లాకర్‌లోంచి పెట్టె తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు.

"పొద్దున్నే కొట్టేశాను. బరిటో అనుకున్నాను. ఎంత తంటాలు పడ్డా తాళం ఊడలేదు కెప్టెన్."

వెండెల్ తాళం తీశాడు. లోపల ప్లాస్టిక్ తుపాకీ భద్రంగా ఉంది.

మేడమ్ పడీపడీ నవ్వింది. "నిజం చెప్పనా? మూసేయిద్దామనే వచ్చాను. బొమ్మ తుపాకీ కోసం నన్నే ఆపేశారు, ఇంతటి దొంగకీ మీ పెట్టె లొంగలేదు. మీకు కాక ఇంకెవరికిస్తాం నిధులు?"

వెండెల్ ఆనందం పట్టలేక రస్టీనే కౌగిలించుకున్నాడు.

నిధులు వచ్చాయి, వాటితో తాళమున్న ఫ్రిజ్ కూడా కొన్నారు. దాని తాళంచెవి రస్టీ దగ్గరుంటుంది.