తరం మారిన సోమవారం

కొత్త కన్సోల్ విడుదలైన సోమవారం ఉదయం, మణికొండలోని ఒక వీడియో గేమ్‌ల కంపెనీలో పనిచేసేవాళ్ళందరూ ఎప్పటిలాగే ఒక తరం ముసలివాళ్ళయ్యారు. పాతికేళ్ళవాళ్ళు యాభైల్లోకి, యాభైల్లో ఉన్నవాళ్ళు డెబ్బై దాటి వెళ్ళారు. హెచ్ఆర్ వాళ్ళు రిసెప్షన్ దగ్గర చత్వారం కళ్ళద్దాలు, మోకాలి పట్టీలు ముందే సర్ది ఉంచారు. గుర్తింపు కార్డుల మీద ఫొటోలు మార్చే పని భోజనాల వేళకే అయిపోయింది. కొందరికి పళ్ళు ఊడినందువల్ల క్యాంటీన్‌లో ఆ రోజు చపాతీలకు బదులు ఉప్మా పెట్టారు.

దీనికంతటికీ కారణం ఒక అనువాదం. కన్సోళ్ళు, అంటే ఆటలాడే యంత్రాలు, తరాలవారీగా వస్తాయి. ఒక ఏడు తెలుగు భాషా దినోత్సవం నాడు యాజమాన్యానికి తెలుగు మీద ప్రేమ పుట్టుకొచ్చి, గుమ్మం పైన ఉన్న ఇంగ్లీషు నినాదాన్ని 'యంత్రంతో పాటు మనమూ తరం మారదాం' అని తెలుగులో రాయించింది. ఇంగ్లీషులో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తెలుగులో రాసేసరికి ఒళ్ళు అర్థం చేసుకుంది. డైరెక్టర్ చక్రధర్ మాత్రం సెల్లార్‌లో కారు దిగి లిఫ్టులో నేరుగా పైకి వెళ్తాడు. ఆ గుమ్మం కింద నుంచి ఎన్నడూ నడవలేదు కాబట్టి ఆయన జుట్టు నల్లగానే ఉంది. బోర్డు తీసేయమని ఎవరైనా అడగవచ్చు. కానీ అది ఎప్పుడూ ఇంక్రిమెంట్ల నెల అయి ఉంటుంది.

భూపాల్ అక్కడ కొత్త ఆటలు ఊహించే ఉద్యోగి. అతనికిది రెండో కన్సోల్, అంటే డెబ్బై దాటిన బాపతు. భార్య స్వరూప పనిచేసేది బ్యాంకులో కాబట్టి ఆమె వయసు ఆమె దగ్గరే ఉంది. కూతురు చిన్మయి మూడో తరగతి. బడి గేటు దగ్గర వాచ్‌మన్ “మన్మరాలా పెద్దాయనా?” అని అడిగితే భూపాల్ తలూపుతాడు. వివరించడం మొదలుపెడితే బడి గంట కొట్టేస్తారు. కంపెనీ డాక్టరమ్మ అతని నాడి చూసి, ఇంకో కన్సోల్ వస్తే తట్టుకోవడం కష్టమని మర్యాదగా చెప్పింది.

అందుకే అతనికి తొందర. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అతని మనసులో ఒక ఆట ఉంది. చీకటి ఇల్లు, ఇద్దరు ఆటగాళ్ళు. ఒకరికి కనిపిస్తుంది, వినిపించదు. ఇంకొకరికి వినిపిస్తుంది, కనిపించదు. ఒకరి మాట ఒకరు నమ్మితేనే బయటపడతారు. తుపాకీ లేదు, పరుగు లేదు. చిన్మయితో కలిసి దాన్ని ఒక్కసారి ఆడి పోవాలని అతని కోరిక. దాని లోపమల్లా ఒక్కటే, అది అద్దం పగిలిన పాత ఫోన్లో కూడా నడుస్తుంది.

మధ్యాహ్నం మీటింగ్‌లో భూపాల్ ఆ సంగతి ఎత్తాడు.

“పాత ఫోన్లో ఆడేదాని కోసం కొత్త కన్సోల్ ఎవరు కొంటారండీ?” అన్నాడు చక్రధర్. “యంత్రం కొత్తదైతే ఆట దానంతటదే కొత్తదవుతుంది. మీదాన్ని వచ్చే తరంలో చూద్దాం.”

“పోయినసారి గూడ గిట్లనే అన్నరు సార్.”

“అన్న మాట మీదే ఉన్నాను కదా.”

తర్వాత తెర మీద 'రణకేసరి' కొత్త భాగం వేశారు. అందులో ఒకాయన పరుగెత్తి, గోడ దూకి, కనిపించినవాణ్ణి కాలుస్తాడు. కిందటి భాగంలోనూ అంతే, అంతకు ముందు భాగంలోనూ అంతే. అయితే ఈసారి వెనక నుంచి ఎండ పడితే ఆయన చెవి ఎర్రగా మెరుస్తుంది, లోపలి నరాలు కనబడతాయి. గదిలోని ముసలివాళ్ళందరూ లేచి చప్పట్లు కొట్టారు. లేవలేనివాళ్ళు కూర్చునే కొట్టారు. ఈ చెవి కోసమా మా మోకాళ్ళు పోయింది అని ఎవరికీ కోపం రాలేదు. చెవి నిజంగానే బాగుంది.

కొత్త యంత్రం ముడతలు కూడా అద్భుతంగా చూపిస్తుందని, ఆటలో మొదటి వీధిలో నిలబడే ముసలాయనకు ఒక ముఖం కావాలని చక్రధర్ చెప్పాడు. అందరినీ కలయజూసి భూపాల్ దగ్గర ఆగాడు.

“ముఖం ఇవ్వడమే కాదు, ఆ ముడతల పనంతా మీరే చూడాలి.”

“గా పని నా తరం గాదు సార్.”

“తెలుసండీ, మీది పోయిన తరం. అందుకే అడుగుతున్నా.”

చేతకాదన్న అర్థంలో అన్నానని భూపాల్ చెప్పబోయాడు. అప్పటికే అతన్ని కెమెరాల గదిలోకి నడిపించారు. చుట్టూ దీపాలు పెట్టి, బాధపడమన్నారు. రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు.

'రణకేసరి' విడుదలైంది. వీడియో గేమ్‌లలో ఇదొక విప్లవమని పత్రికలు రాశాయి, ముసలాయన కంటి కింది ముడతలను ప్రత్యేకంగా మెచ్చుకున్నాయి. కంపెనీ ఉద్యోగులందరికీ తలా ఒక కన్సోల్ ఉచితంగా ఇచ్చింది. ఆదివారం పొద్దున చిన్మయి ఆడటం మొదలుపెట్టి, మొదటి వీధిలోనే ఆగిపోయింది.

“డాడీ, ఈడ నువ్వున్నవ్.”

“అవును బిడ్డా.”

“పక్కపొంటి పోతనంటే పోనిస్తలేదు.”

“పోనియ్యదు. కాలిస్తేనే తొవ్వ ఇస్తది.”

చిన్మయి రిమోట్‌ను ఒళ్ళో పెట్టుకుంది. “మరి మనిద్దరి ఆట ఎప్పుడొస్తది?”

“వచ్చే తరంల జూద్దామన్నడు మా సారు.”

“వచ్చే తరం అంటే నేనే గద.”

భూపాల్‌కు ఏడుపొచ్చింది. ఆ గుమ్మం మాత్రం తొక్కకు తల్లీ అని చెబుదామనుకున్నాడు. కానీ ఈ పిల్ల కూడా వెళ్ళకపోతే ఆ ఆటను ఇంకెవరు చేస్తారో అతనికి తోచలేదు. అవునన్నాడు.

“ఏ బటన్ డాడీ?”

చూపించాడు. చిన్మయి ఒకసారి అతని వైపు, ఒకసారి తెర వైపు చూసి నొక్కింది. ముసలాయన మోకాళ్ళ మీద కూలి, మెల్లగా పక్కకు ఒరిగాడు. నెత్తురు చాలా సహజంగా వచ్చింది. వీధి ఖాళీ అయింది.

“మంచిగ కొట్టినవ్ బిడ్డా,” అన్నాడు భూపాల్. “ఇగ ఉరుకు.”