మునగచెట్టు మీది పాలపిట్ట

2011 దసరా నాడు ఉదయం ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో రామమోహనరావు తన ఇంటి ఓనరు దంపతులకు మునగచెట్టు మీద పాలపిట్టను చూపించాడు. అది పాలపిట్ట కాదు.

ఓనరు వెంకటనర్సయ్య పండగ కాగానే వెనక పోర్షన్ ఖాళీ చేయమన్నాడు. రామమోహనరావు కూతురు తన్మయికి మార్చిలో ఇంటర్ పరీక్షలు. ఎలాగైనా అప్పటిదాకా అక్కడే ఉండాలి.

దసరా నాడు పాలపిట్టను చూడనిదే ఓనరు భార్య స్వరూపరాణి ముద్ద ముట్టదు. ఏటా బస్సెక్కి బడంగ్‌పేట్ పొలాలకు వెళ్లి చూసేవారు. ఈసారి సకల జనుల సమ్మె. బస్సులు లేవు. నడుద్దామని ఆమె పట్టుబట్టింది. ఆ మాటలు రామమోహనరావుకు గోడ ఇవతలికి వినిపించాయి.

“నర్సయ్యగారూ, అమ్మా, ఇలా రండి! నీలం పిట్ట! రోజూ మా వంటింటి కిటికీ ముందే వాలుతుందండీ.”

స్వరూపరాణి పైకి చూసింది. “గిదేంది, పిచ్చుకంతనే ఉంది?”

“పిల్లది. దండం పెట్టు,” అన్నాడు వెంకటనర్సయ్య. తనూ పెట్టాడు.

“నాన్నా, అది ఈగలు పట్టే పిట్ట,” అంది తన్మయి మెల్లగా.

“నువ్వెళ్లి చదువుకో.”

వీధిలో మిగతావాళ్లకూ బస్సులు లేవు. తొమ్మిదింటికి పిట్టను చూడవచ్చినవాళ్లతో రామమోహనరావు వంటింట్లో నిలబడే చోటు లేదు. వీధి చివర సమ్మె టెంటు నడిపే సతీష్ తన మనుషులతో వచ్చాడు. పిట్ట ఈగను పట్టింది. జనం జై తెలంగాణ అన్నారు.

“లచ్చిమి ఈడికొస్తుంటే మనం ముందట ఉండుడేంది?” అంది స్వరూపరాణి భర్తతో. “రేపే ఈళ్లను పంపిచ్చి గీ పోర్షన్లకు ఒద్దాం.”

రామమోహనరావు కంగారుపడ్డాడు. “అమ్మా, అది పాలపిట్ట కాదండీ. ఈగలు తినే పిట్ట.”

“పొద్దుగాల మీరే గద సార్ చూపెట్టింది?” అన్నాడు సతీష్. “మీ ఆంధ్రోళ్లు రాష్ట్రం ఇయ్యనియ్యరు, పిట్టను గూడ ఇయ్యరా?”

“నా మాట వినండి బాబూ...”

ఎవరూ వినలేదు. వెంకటనర్సయ్య చెయ్యెత్తాడు. “ఆగుండ్రి. గీ పోర్షన్ల ఉండేటోళ్లు మారితే పిట్ట మల్ల రాదు. దానికి గీ సారు అలవాటైండు. సారు ఈన్నే ఉంటడు.”

తర్వాత అద్దెదారును మెట్ల కిందికి తీసుకెళ్లాడు.

“గది పాలపిట్ట కాదని నాకెరుకనే. చిన్నప్పటి సంది చూస్తున్న. బడంగ్‌పేట్ దాక నడిచే మోకాళ్లు నాకు లేవు. జర నోరు మూసుకొని ఉండు.”

“పరీక్షలయ్యేదాకా ఉండొచ్చా అండీ?”

“గది పాలపిట్ట కాదని నువ్వు అననంత కాలం ఉండు.”

మధ్యాహ్నం ఎల్బీ నగర్ నుంచి ఒక కుటుంబం నడిచి వచ్చింది. రామమోహనరావు వారికి పాలపిట్టను చూపించాడు.