ప్లగ్గుకు పాలు

ఆయుధపూజ నాటి పొద్దున శ్రీరంగప్ప వేసుకున్న పథకం చిన్నది. రాయదుర్గం బస్సులో మామ గోపాలయ్య వస్తాడు. వెంట తన రేడియో తెస్తాడు. ఆ రేడియోను శ్రీరంగప్ప తాను చేసిన ప్లగ్గుతో గోడకు తగిలిస్తాడు. మామ పాటలు విని, భోంచేసి, మధ్యాహ్నం బస్సుకు రేడియో తీసుకుని తిరిగిపోతాడు. కూతురు, అంటే శ్రీరంగప్ప పెళ్లాం నాగరత్నమ్మను మాత్రం వదిలిపోతాడు.

ఆ చివరి మాట కోసమే మిగతాదంతా.

కాలువ నీళ్లు కణేకల్లు దగ్గరే నిలిచిపోయాయి. శ్రీరంగప్ప ఊరు నల్లబండ దాకా వచ్చింది కరెంటు ఒక్కటే. వానలు లేక బావులు ఎండి, పొలాల్లో మోటార్లు గోనెపట్టాలు కప్పుకుని పడుకున్నాయి. ఊరి కరెంటును తాగేది పిండి గిర్ని. అది తిరిగినంతసేపూ ఇళ్లలో బల్బులు నీరసంగా వెలుగుతాయి. అది ఉన్నట్టుండి ఆగిందా, అంతవరకూ అది తాగుతున్నదంతా ఇళ్ల మీద పడుతుంది. ఉగాది ముందు ఒక సాయంత్రం అట్లాగే పడింది. గోపాలయ్య అల్లుడికిచ్చిన రేడియో నిప్పులు చిమ్మి పొగ వదిలింది. అప్పుడు ఆయన దాని మీదికి వంగి వార్తలు వింటున్నాడు. అప్పటి నుంచి ఆయనకు మీసం లేదు.

"రేడియోను కాపాడలేనోడు నా బిడ్డను యాడ కాపాడతాడు?" అని కూతుర్ని వెంటబెట్టుకుని పోయాడు. ఎంతోమంది ఎన్నో విధాల చెప్పిన మీదట ఒక మాట ఇచ్చాడు. "అదే ఇంట్లో ఇంకో రేడియో పెడతా. నేను తిరుగు బస్సెక్కేదాకా అది కాలకుండా ఉండాల. ఉంటే బిడ్డను వదిలిపెట్టి వస్తా. కాలిందా, మళ్లీ నన్ను అడగొద్దు." గోపాలయ్యది బట్టల అంగడి. ఆయన మాట గజంబద్ద లాంటిది. ఎవరి కోసమూ సాగదు, ఎవరి కోసమూ కుంచించుకోదు.

శ్రీరంగప్ప టార్చిలైట్లు, స్టవ్వులు, మైకుసెట్లు బాగుచేసే మనిషి. ఆ మాట విన్న నాటి నుంచి ఆ ప్లగ్గు పనిలోనే ఉన్నాడు. చింతచేవను మైనంలో ఉడికించి, చెక్కి, రెండు ఇత్తడి కాళ్లు పెట్టాడు. నడుమ గాడి తవ్వి, అందులో వెంట్రుకంత రాగి తీగ బిగించాడు. సందులకు ఎర్ర లక్క పోశాడు. పైన కుంకుమ భరిణెకు ఉన్నట్టు తిప్పి తీసే మూత. కరెంటు మితిమీరితే ముందు లోపలి తీగ కాలి తెగుతుంది. రేడియోకు పోయే దారి మూసుకుపోతుంది.

పొద్దున్నే దాన్ని తల్లి లక్ష్మీనరసమ్మకు చూపించాడు.

"సూడమ్మా, ఈ తీగ. కరెంటు మీదికొస్తే ఇదే అడ్డం పడి సస్తాది. రేడియో బతుకుతాది."

"సస్తాదా?"

"సస్తాది. దాని పనే అది."

"ఇంకొకరి సొమ్ము కాపాడేదానికి సస్తాదా?"

"అవునమ్మా."

ఆమె ప్లగ్గును అందుకుని కళ్లకు అద్దుకుంది. ఊరి బయట ఒక వీరగల్లు ఉంది. ఎప్పుడో దొంగలు తోలుకుపోతున్న మందకు అడ్డం పడి ప్రాణమిచ్చిన మనిషి రాయి. వీరన్న అంటారు. ప్రతి సోమవారం లక్ష్మీనరసమ్మ ఆ రాతికి పాలు పోసి వస్తుంది. శ్రీరంగప్ప తల్లి దండాన్ని మెచ్చుకోలు అనుకుని బస్సు దగ్గరికి బయలుదేరాడు.

ఇంట్లో కొడవలికి బొట్టు పెట్టింది ఆమె. కత్తిపీటకు పెట్టింది. కొడుకు సైకిలుకు చక్రచక్రానికీ పెట్టింది. వీటిలో ఏదీ ఎవరి కోసమూ చచ్చేది కాదు. చచ్చేదాన్ని వదిలేస్తే ఎట్లా? ప్లగ్గు మూత తిప్పి తీసింది. తీగ మీద పసుపు ముద్ద, దాని మీద కుంకుమ, ఆ పైన కాసిన్ని టెంకాయ నీళ్లు. మూత పెట్టి, కొంగుతో తుడిచి, ఎప్పటిలాగే ఉంచింది. పూజ చేశానని చెప్పుకుంటే ఫలం తగ్గుతుందని ఆమె నమ్మకం.

గోపాలయ్య దుప్పట్లో చుట్టిన రేడియోను చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు. వెనక నాగరత్నమ్మ, ఆమె చేతిలో రేకు పెట్టె.

"పెట్టె ఎందుకే అని బస్సులో అడిగినా. చీరలకు గాలి తగలాలంట" అన్నాడు గోపాలయ్య. "ఆ పెట్టె అరుగు మీదనే ఉండనీ. లోపలికి తేవద్దు."

నాగరత్నమ్మ పెట్టెను అరుగు మీద పెట్టింది. గడపకు ఎంత దగ్గరగా పెట్టవచ్చో అంత దగ్గరగా పెట్టింది.

రేడియోను బల్ల మీద నిలిపారు. శ్రీరంగప్ప దాని తీగను ప్లగ్గుకు బిగించాడు. గోడ బోర్డులో తోశాడు. స్విచ్చి నొక్కాడు. రేడియోలో చిన్న దీపం వెలిగింది. లోపల గాజు గొట్టాలు వేడెక్కే దాకా అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గుర్రుమన్నది. సన్నగా నాదస్వరం మొదలైంది.

ఠప్పుమన్నది.

దీపం ఆరింది. గోపాలయ్య ఒక చేత్తో మూతి కప్పుకుని, ఇంకో చేత్తో రేడియో వెనక తడిమి చూశాడు. వేడి లేదు.

"ఏమప్పా అల్లుడా, ఇదేనా నీ కావలి?"

"మామా, రేడియోకేం కాలేదు. తీగ తెగింది. తెగినందుకే రేడియో బాగుండాది."

"పాట పాడకుండా బాగుండేదానికి నా అంగట్లోనే ఉండనిస్తుంటిని కదా."

శ్రీరంగప్ప మూత తీశాడు. లోపల తడి, నలుపు, ఎరుపు. అతని గుండె జారింది. లక్క కరిగింది! కరెంటు ఏమీ పెరగకుండానే లక్క కరిగిందంటే తన లెక్కలోనే తప్పు ఉంది. ఆ ఎరుపును చొక్కా అంచుతో తుడిచి, ఇంకో తీగ కోసం పెరట్లోకి పరుగెత్తాడు.

లక్ష్మీనరసమ్మ వాకిట్లో నిలబడి అంతా చూసింది. ఆమెకు లెక్కలతో పని లేదు. పొద్దున తొందరలో పూజ అరకొరగా జరిగింది, వీరన్న అలిగాడు. అంతే. కొడుకు వచ్చి అరుగు మీద కొత్త తీగ బిగించి, స్క్రూల కోసం మళ్లీ పెరట్లోకి పోయాడో లేదో, ఆమె మూత తిప్పింది. ఈసారి టెంకాయ నీళ్లు చారెడు పోసింది.

ఈసారి నాదస్వరం దాకా కూడా పోలేదు.

"రెండు" అన్నాడు గోపాలయ్య.

అప్పుడే గిర్ని నడిపే ఓబుళేసు వాకిట్లోకి వచ్చాడు. నుదుట ఇంత బొట్టు, చేతిలో ప్రసాదం.

"గోపాలయ్యన్నా, ఎప్పుడొచ్చినావు? నడిమధ్యాహ్నం గిర్ని కాడ పూజ, తప్పకుండా రావాల. మిషను ఆపి, బెల్టు తీసి, గుమ్మడికాయ కొడతాండాము."

శ్రీరంగప్ప అతన్ని చెయ్యి పట్టి అరుగు చివరికి లాక్కుపోయాడు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుతా. మా మామ బస్సెక్కేదాకా గిర్ని ఆపద్దు."

"ముహూర్తం నేను పెట్టినానా? అయ్యవారు పెట్టినాడు."

"ఒక్కసారిగా ఆపద్దు. మెల్లగా ఆపు."

"మోటరేమన్నా గొడ్డా, మెల్లగా నిలబడే దానికి? ఎందుకబ్బా అట్లా చెమట్లు పడ్తాండాయి?" ఓబుళేసు అతని చేతిలోని ప్లగ్గు చూశాడు. "ఈ దారప్పోగు పెట్టినావా? నేను గిర్నిలో కమ్మీ పెట్టినా. ఇంతవరకూ తెగిండ్లేదు. పోరా, లావుది పెట్టు."

తప్పని శ్రీరంగప్పకు తెలుసు. కావలివాణ్ణి ఇంటికి పంపేసి చేలో దిష్టిబొమ్మను నిలిపినట్టు అది. కానీ లోపల మామ రేడియోకు దుప్పటి చుట్టడం మొదలుపెట్టాడు. అరుగు మీద రేకు పెట్టె కనిపిస్తోంది. శ్రీరంగప్ప వాకిట్లో గోడ చాటుకు పోయి, తన సైకిలు చక్రం నుంచి ఒక చువ్వ ఊడదీసి, గోటి పొడుగున తుంచి ప్లగ్గులో బిగించాడు.

లోపల కాసేపు చిర్రుమంది. తరువాత సద్దుమణిగింది. నాదస్వరం వాకిలి దాటి వీధిలోకి పోయింది.

గోపాలయ్య దుప్పటి మడిచి పక్కన పెట్టాడు. "ఇప్పుడు ఉండాది ప్లగ్గు!" అన్నాడు. జీవితంలో అల్లుడికి ఆయన ఇచ్చిన మొదటి మెప్పు అది. శ్రీరంగప్ప స్విచ్చి దగ్గరికి జరిగాడు.

"మామా, మిగతా పాటలు ఊరికి పోయినాక వినొచ్చు. ఇంక ఆపుదామా? వేడెక్కుతాది."

"ఆపేదానికా ఇంత దూరం మోసుకొచ్చింది? పాడనీ. పా, ఆకలైతాంది."

వంటింట్లో ఆకులు వేశారు. ఆ వీధిలో అన్నిటిలాగే కిటికీ లేని వంటిల్లు అది, పట్టపగలు కూడా బల్బు వేసుకోవాలి. నాగరత్నమ్మ వడ్డించింది. పూర్ణం పెట్టిన ఓళిగలు, నెయ్యి, పప్పు. మామా అల్లుడూ పక్కపక్కన కూర్చున్నారు. పంక్తిలో పెద్దవాడు లేవక ముందే చిన్నవాడు లేవడం ఆ ఇంట్లో ఎవరూ చేయని పని. అందులోనూ అలిగి పోయిన మామ ఆకు ముందు కూర్చున్నప్పుడు.

దూరాన గిర్ని టపటపమంటూ ఉంది. శ్రీరంగప్ప ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచి వింటున్నాడు. ముందు గదిలో నాదస్వరం. వీధి చివర టపటప. రెండూ ఉన్నంతసేపే తన సంసారం.

"ఇంకొక ఓళిగ ఎయ్యి బిడ్డా" అన్నాడు గోపాలయ్య.

"మామా, బస్సుకు టైమైతాదేమో."

"బస్సు మనకంటే ముందు యాడికి పోతాది? నెయ్యి ఎయ్యి."

నాగరత్నమ్మ నెయ్యి వేసింది. భర్త ముఖం చూసింది. అతని చొక్కా అంచున ఎర్రమరక చూసింది. గిన్నె పట్టుకుని అత్త దగ్గరికి పోయి ఏదో చెప్పి వచ్చింది. లక్ష్మీనరసమ్మ పాలచెంబుతో ముందు గదిలోకి పోయింది. శ్రీరంగప్ప ఇవేవీ చూడలేదు. అతని కళ్లు బల్బు మీద ఉన్నాయి.

నాదస్వరం ఆగింది.

పాట అయిపోయిందా, రేడియో అయిపోయిందా? శ్రీరంగప్ప లేవబోయాడు. "కూచోప్పా, ఇంకా మజ్జిగ ఉండాది" అన్నాడు గోపాలయ్య. శ్రీరంగప్ప కూర్చున్నాడు. అప్పుడే వీధి చివర టపటప కూడా నిలిచిపోయింది. గుమ్మడికాయ కొట్టిన కేక వినిపించింది.

ఎర్రగా ఉన్న బల్బు పచ్చబడింది. పచ్చనిది తెల్లబడింది. కళ్లు మూసుకోవలసినంత తెల్లబడి, పటేలుమని పగిలి మూలలో రాలింది. పక్కింట్లో ఒకటి పగిలింది. ఎదురింట్లో ఒకటి. వీధి వెంట ఠపఠపమని పగులుకుంటూ పోయాయి. ఎక్కడో ఎవరి రేడియోనో పెద్దగా మూలిగి ఊరుకుంది.

చీకట్లో గోపాలయ్య గొంతు వినబడింది. "నా రేడియో!"

ఇద్దరూ ఎంగిలి చేతులతోనే ముందు గదిలోకి పరుగెత్తారు. పొగ లేదు. కమురు వాసన లేదు. రేడియో బల్ల మీద చల్లగా కూర్చుని ఉంది. దాని వెనక నుంచి తీగ కిందికి దిగి, పక్కనే పెట్టిన వెండి గ్లాసులోకి పోయింది. గ్లాసు నిండా పాలు. పాలలో ప్లగ్గు, దాని మూత మీద బొట్టు.

"ఇదేంది?" అన్నాడు గోపాలయ్య.

"పాలు తాగుతాండాడు" అన్నది లక్ష్మీనరసమ్మ.

"ఎవరు?"

"ఇంకెవరు, మీ రేడియోకు కావలి కాసే వీరన్న. మీరంతా ఓళిగలు తింటాంటే ఆయప్ప పస్తుండల్నా? పొద్దున పూజకు నోట్లో టెంకాయ నీళ్లు పోసినా, అంతే. అలిగినాడని రెండోసారీ పోసినా. కుంకుమా పెట్టినా. అయినా కడుపు నిండద్దా?"

శ్రీరంగప్ప చొక్కా అంచు ఎత్తి, తాను పొద్దున్నుంచీ లక్క అనుకున్న ఎరుపును వాసన చూశాడు. తన లెక్కలో తప్పు లేదు, తీగను తెంపింది తడి. కరెంటుకు లెక్క వేశాడు, పూజకు వేయలేదు.

గోపాలయ్య నిదానంగా చెయ్యి కడుక్కున్నాడు. తుండుతో తుడుచుకున్నాడు.

"అంటే కరెంటు వచ్చినప్పుడు ఈ ప్లగ్గు గోడలో లేదు. పాలల్లో ఉండాది. ఇది దేన్నీ కాపాడలేదు." దుప్పటి విప్పాడు. "పా బిడ్డా, పోదాం."

నాగరత్నమ్మ కదలలేదు.

"నాయనా, నువ్వు ఏం మాటిచ్చినావు?"

"ఏం మాట?"

"రేడియో కాలకుండా ఉండాల అన్నావు. ప్లగ్గే కాపాడాల అని యాడన్నా అన్నావా?"

గోపాలయ్య దుప్పటిని బల్ల మీద పెట్టాడు. ఆ మాటను మనసులో మళ్లీ ఒకసారి కొలిచి చూసుకున్నాడు. ఎంత కొలిచినా అంతే వచ్చింది.

"సరిగ్గా గిర్ని ఆగే వేళకు పాలు పెట్టాలని నీకెట్లా తోచింది లక్ష్మీనరసమ్మా?"

"నాకేం తెలుసన్నా? కోడలు గుర్తు చేసింది. 'అత్తా, నువ్వు కుంకుమ పెట్టిన నీ వీరన్న ఆకలితో ఉంటాడు, ఊడబెరికి పాలు పెట్టు' అనింది. బంగారట్లాంటి బిడ్డ."

నాగరత్నమ్మ భర్త పక్కగా పోతూ, ఎవరికీ వినబడకుండా అంది. "వాకిట్లో సైకిలుకు చక్రమంతా బొట్లుండాయి, చువ్వ ఒకటి లేదు. వచ్చేటప్పుడు అన్నీ ఉండె."

అంతటితో ఆగకుండా పోయి, అరుగు మీది రేకు పెట్టెను గడప లోపలికి తెచ్చింది. గోపాలయ్య గడప వైపు చూడకుండా రేడియోకు దుప్పటి చుట్టాడు. బస్సులో ఒక్కడే ఎక్కాడు. ప్లగ్గును మాత్రం తీగకు అట్లాగే ఉంచుకున్నాడు. అల్లుడు అప్పటికే గుట్టుగా చువ్వ తీసి, సన్నతీగ పెట్టాడు. దాని బొట్టు తుడుస్తానని అల్లుడు రెండుసార్లు చెప్పినా తుడవనివ్వలేదు.

ఆ తరువాత శ్రీరంగప్ప చాలా ప్లగ్గులు చేశాడు. ఒక్కోదానిలో కరెంటు నుంచి రేడియోను కాపాడేందుకు ఒక తీగ, అమ్మ నుంచి తీగను కాపాడేందుకు రెండు స్క్రూలు ఉండేవి.